పుత్తూరు కట్టు పడిన ప్లేటు

నాకు ఇరవై నాలుగేళ్లున్న రోజుల్లో నా చెవుల మీద నాకున్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. (తిరుపతికి పిలిస్తే పలికేంత దూరంలో పుట్టినవాడు అనకూడని మాట ఇది. లెంపలు వేసుకుంటూనే రాస్తున్నాను.) అప్పటికే అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, ఫోన్లలోకి లోకంలోని పాటలన్నీ వచ్చేశాయి. నేను మాత్రం భుజాన గుడ్డ సంచీ తగిలించుకుని, అందులో నల్లటి గ్రామఫోను ప్లేట్లు పెట్టుకుని, బస్సులో ఎవరి మోచెయ్యీ తగలకుండా ఒళ్లో కాచుకుంటూ తిరిగేవాణ్ని. రికార్డును ప్లేటు అనడం మా వైపు పెద్దవాళ్ల అలవాటు, నాకూ అదే పట్టుబడింది. ఉద్యోగం పలమనేరులో ఒక పాల కేంద్రంలో. పొద్దున్నే రైతులు తెచ్చిన పాలల్లో వెన్న ఎంత, నీళ్లెన్ని అని తేల్చడం నా పని. చెంబెడు నీళ్లు కలిపినా పట్టేసేవాణ్ని, పాటలో లోటు పట్టలేనా అన్నది నా ధీమా. ఒకే పాట, ఒకే కంపెనీ, అట్ట మీద ఒకే బొమ్మ. అయినా మొదటి విడత అచ్చు వేసిన ప్లేటు ఒకలా పలుకుతుంది, కొన్నేళ్ల తర్వాత మళ్లీ అచ్చు వేసింది ఇంకోలా పలుకుతుంది. ఏది ఏ విడతదో తెలియాలంటే ప్లేటు మధ్యలో, పాటైపోయాక ముల్లు ఊరికే తిరిగే ఖాళీ చోట, సన్నగా గీసిన అంకెలు చూడాలి. అందుకోసం మా అవ్వ పంచాంగం చూసుకునే భూతద్దం కొట్టేసి సంచీలో వేసుకున్నాను. పాపం ఆ ఏడాదంతా మా అవ్వ తిథులు పక్కింటి వాళ్లను అడిగి తెలుసుకుంది.

నాలాంటి పిచ్చివాడే ఇంకొకాయన తిరుచానూరులో దొరికాడు. ఆయనకు అమ్మవారి గుడికి నాలుగు వీధుల అవతల ఒక చిన్న లాడ్జి ఉండేది. అందరూ లాడ్జి మామ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. వాళ్ల నాయన పూర్వం పెళ్లిళ్లకు మైకు సెట్టు పెట్టేవాడట. ఆయన వదిలిపోయిన రికార్డు ప్లేయరును, బీరువాలంత స్పీకరు పెట్టెల్ని లాడ్జి పై అంతస్తులో పరుపుల గదిలో పెట్టుకున్నాడు మామ. యాత్రికులకిచ్చే పరుపులు, దిండ్లు, దుప్పట్లు గోడల పొడుగునా నడుమెత్తు పేర్చి ఉండేవి. ఆ దూదంతా మోతను మింగేసి, పాటను మాత్రం మా ముందు పెట్టేది. ఇంత మంచి గది మద్రాసు స్టూడియోల్లో కూడా ఉండదని మామ వాదన. చిక్కల్లా గుడి దగ్గర రద్దీ పెరిగిన రోజుల్లోనే. దిండ్లన్నీ కింద గదుల్లోకి వెళ్లిపోయేవి, పైన మా గది డొల్ల గుండిగలా మోగేది. "ఈ వారం జనం నిండా ఉండారు పాలబ్బీ, ప్లేట్లు తేవద్దు, గది పలకదు" అని మామ నాకు ఫోను చేసిన ఆదివారాలు ఎన్నో. (పాల ఉద్యోగం కాబట్టి నేను పాలబ్బిని.) రద్దీ లేని రోజుల్లో కూడా సరిగ్గా రాగం మంచి పట్టులో ఉన్నప్పుడు ఎవరో తలుపు కొట్టి దిండు కావాలనేవాళ్లు. మామ నోరు విప్పకుండా, కళ్లు తెరవకుండా, చేతికందిన దిండు తలుపు సందులోంచి అందించేవాడు. ఎందుకంటే ఆ గదిలో ఒక నియమం ఉండేది. ముల్లు ప్లేటు మీద ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. ప్లేటు తెచ్చినవాడికి పేము కుర్చీ, మిగతావాళ్లకు పరుపులు. ముల్లు లేచాక కుర్చీలోవాడు ముందు మాట్లాడాలి, తర్వాత మిగతావాళ్లు.

మిగతావాళ్లంటే నిజానికి ఒక్కరే, డోలు తాత. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు మేనమామ నాదస్వరానికి డోలు వాయించేవాడట. మేం కలిసేనాటికి వాయించడం మానేసి చాలా ఏళ్లయింది. గడియారం కుడి చేతికి పెట్టుకునేవాడు. ఎడమ మణికట్టు మీద గోలీకాయంత బొడిపె ఒకటి ఉండేది, పట్టీ దాని మీద కుదరదనేవాడు. మా ఇద్దరి వాదులాటలూ వింటూ, టీ తాగుతూ, ఎవరి వైపూ మాట్లాడకుండా పరుపు మీద చేరబడేవాడు. ఈ ముసలాయనకు అచ్చుల తేడాలు ఏం తెలుస్తాయిలే అనుకునేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అలా ఉండగా ఒకసారి చిత్తూరులో పాత సామాన్ల అంగట్లో నాకొక నాదస్వరం ప్లేటు దొరికింది. గీత లేదు, మచ్చ లేదు, మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. అట్ట వెనక డోలు వాయించినాయన పేరు చదివితే మన తాతదే! నేను పరుగున తిరుచానూరు చేరి, పేము కుర్చీలో కూర్చుని, ప్లేటు ఒక పక్కంతా వినిపించి, ముల్లు లేవగానే అరగంట ఉపన్యాసం ఇచ్చాను. చూడండి ఎంత శుభ్రంగా ఉందో, ఒక్క చిటపట లేదు, తోడి రాగం తేనెలా జారుతోంది, డోలు ఎడమ పక్క ఎంత నిండుగా మోగుతోందో (డోలు వాయించినవాడి ఎదుటే డోలు గురించి చెబుతున్నానన్న స్పృహ నాకు లేదు), దీనికి మించిన అచ్చు ఉండదు అని తేల్చేశాను. లాడ్జి మామ తల ఊపాడు. తాత టీ గ్లాసు కింద పెట్టి, "బాగుండాది అబ్బయ్యా. కానీ కడాకు ఒక మాట ఉండల్ల, దీంట్లో అది లేదే" అన్నాడు. చివర్లో మాటేమిటి, ఇది నాదస్వరం కదా తాతా, పాటే లేదు, మాటెక్కడిది అని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు.

మరుసటి ఆదివారం తాత పాత పంచెలో చుట్టిన ప్లేటొకటి తెచ్చాడు. అదే అట్ట, అదే బొమ్మ. అంచులు చివికిపోయి ఉన్నాయి. నేను భూతద్దం పెట్టి అంకెలు చూశాను. మొదటి విడత! నాది రెండోది. మామ ముల్లు దించాడు. చిటపట చిటపటమని దుమ్ము పలికింది, లోలోపల నేను సంతోషించాను. ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఆ దుమ్ము వెనక నుంచి నాదస్వరం లేచి వచ్చి గది మధ్యలో నిలబడింది. నా మెరిసే ప్లేటులో విన్నది ఇదేనా? అందులో రాగం వినిపించింది, ఇందులో మనిషి కనిపించాడు. ఊపిరి పీల్చడం తెలిసింది, డోలు మీద వేళ్లు పడేముందు తోలు బిగువు తెలిసింది. నేను వెన్న తీసేసిన పాలు తాగి అరగంట పొగిడానని అప్పుడర్థమైంది. పక్క అయిపోవచ్చింది. ఆఖరి స్వరం ఆగిపోయింది. నిశ్శబ్దం. ప్లేటులోనే కుర్చీ ఒకటి కిర్రుమంది. ఎవరో నిట్టూర్చారు. ఆ తర్వాత మైకుకు దూరంగా, గరగరమనే గొంతు ఒకటి, తనలో తాను అనుకున్నట్టు, "ఇప్పుడు గదరా వాయించినావు" అంది. అంతే. ముల్లు లేచింది.

ఆ గదిలో పరుపుల మధ్య మేం ముగ్గురమే ఉన్నాం, నాలుగో మనిషి ఇప్పుడే లేచి వెళ్లాడనిపించింది. నేను తలుపు వైపు చూశాను కూడా. కుర్చీలో ఉన్న తాతే ముందు మాట్లాడాలి కాబట్టి మేం ఆగాం. "అది మా మామ గొంతు. పదకొండేండ్లు ఆయన కాడ ఉండినా. కొట్టినాడు, తిట్టినాడు, కడుపుకు పెట్టినాడు. బాగా వాయించినావురా అని మాత్రం ఒక్క తూరి కూడా అన్లేదు. ఆ ఒక్క తూరీ ఈ ప్లేట్లో ఉండాది. మాటలు పడినాయని తెలిసి, రెండో తూరి అచ్చేసేటప్పుడు కంపెనీ వోళ్లు కత్తిరించేసినారు." నేను నా మెరిసే ప్లేటును సంచీలోకి తోసేశాను. సిగ్గు కాదు, అంతకంటే పెద్దదేదో నన్ను నొక్కి కూర్చోబెట్టింది. యాభై ఏళ్ల కిందట ఒక మనిషి నోరుజారి అన్న మాట, నల్లటి గాడిలో ఇంకా వేడిగా ఉంది. ఆ మాట కోసం ఈ తాత ఏడాదికి ఒకే ఒక్కసారి, మేనమామ పోయిన తిథి రోజున, ఆ ప్లేటు వింటాడట. ఈసారి నా ఉపన్యాసం పుణ్యాన వారం ముందే విన్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను నేను కాదు. "తాతా, ఇది ఒక్కటే ఉంటే ప్రమాదం. నాకు ఇవ్వు. శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, వందేళ్లకు సరిపడా నీ చేతిలో పెడతా" అన్నాను. తాత లాడ్జి మామ వైపు చూశాడు. మామ, "పిల్లోడు మంచోడేలే, పాలు కూడా వలకబొయ్యడు" అని పూచీ పడ్డాడు. తాత ప్లేటును పంచెలో చుట్టి, రెండు చేతులా నా చేతుల్లో పెట్టి, "వచ్చే ఆదివారం మామ తిథి. ఆ పొద్దుకి ఇది నా చేతిలో ఉండల్ల అబ్బయ్యా. అది ఇనకుండా నేను అన్నం ముట్టను" అన్నాడు. ఉంటుంది తాతా అన్నాను. నా గొంతులో ఎంత భరోసా పలికిందో ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రికి తిరుపతిలో మా అక్క ఇంట్లో దిగాను. తెల్లవారి సోమవారం సెలవు పెట్టి ప్లేటు కడగడానికి కూర్చున్నాను. పలమనేరులో నా పద్ధతి ఒకటి ఉండేది. కుంకుడుకాయ నురగలో మెత్తటి గుడ్డ ముంచి గాళ్ల వెంబడి తుడిచి, మంచినీళ్లతో కడిగి, మిద్దె మీద ఎండలో ఆరబెట్టేవాణ్ని. పట్టుచీరకు, బంగారానికి పనికొచ్చేది ప్లేటుకు పనికిరాదా? పాతిక ప్లేట్లు అలా కడిగాను, ఒక్కటీ చెడలేదు. కాబట్టి అక్క ఇంట్లోనూ అదే చేశాను. మిద్దె మీద అక్క అప్పుడే వడియాలు పెట్టి ఉంది. వాటి పక్కన తెల్ల గుడ్డ పరిచి, ప్లేటు పెట్టాను. "కాకులు రాకుండా ఆడనే కూర్చో" అని అక్క పని అప్పగించింది. నేను మెట్ల గది నీడలో కూర్చున్నాను, కూర్చున్నవాణ్ని ఒరిగాను, ఒరిగినవాణ్ని గంటన్నర నిద్రపోయాను. ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. పలమనేరు ఎత్తు మీద ఉన్న చల్లటి ఊరు. అక్కడ వేసవి ఎండ కూడా మర్యాదగా ఉంటుంది. తిరుపతి ఎండకు, ముఖ్యంగా కొండల కింద మిద్దెల మీద కాసే మే నెల ఎండకు, ఆ మర్యాదలేవీ తెలియవు. పాతిక ప్లేట్లను కాపాడింది నా పద్ధతి కాదు, పలమనేరు అని నాకు తట్టనే లేదు.

లేచి చూసేసరికి వడియాలు బాగా ఎండాయి. ప్లేటు ఒక పక్క పైకి లేచి, ఒక పక్క కిందికి వాలి, మధ్యలో గుంటపడి, తాంబూలం పెట్టుకునే పళ్లెంలా అయింది. అరిచానో లేదో తెలియదు, అక్క పైకి పరుగెత్తుకొచ్చింది. "ఏమిరా, కాకులా?" అని, చూసి, "ఇదేంది, అప్పళం మాదిరి పొంగినాదే" అంది. సంగతంతా చెప్పాను. తాత మేనమామ తిథి అని, ఇది వినకుండా ఆయన అన్నం ముట్టడని చెబుతూ ఏడ్చేశాను. మా అక్కకు సంగీతం తెలియదు, కానీ అన్నం ముట్టని ముసలాయన తెలుసు. కొంగుతో ప్లేటు మీద దుమ్ము తుడిచి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ బావకు కాలు విరిగితే డాక్టర్లు కమ్మీ ఎయ్యాలన్యారు. పుత్తూరులో ఆకు కట్టు కట్టి నడిపించినారా లేదా? ఎముకనే సరి చేసేటోళ్లకు ఇదొక లెక్కా? ఇప్పుడే బయల్దేరు" అంది. వినడానికి ఎంత పిచ్చిగా ఉన్నా, ఆ పూట నాకు దానికంటే తెలివైన మాట చెప్పినవాళ్లు లేరు. పుత్తూరు బస్సెక్కాను.

ఎముకల వైద్యుడి ఇంటి ముందు పందిరి కింద జనం బారులు తీరి ఉన్నారు. చేతికి కట్టు ఉన్నవాళ్లు, కాలికి ఉన్నవాళ్లు, ఇద్దరు మోసుకొచ్చినవాళ్లు, అందరి మధ్యా గుడ్డ సంచీ గుండెకు హత్తుకుని నేను. పక్కనున్న రైతు "ఎవరికప్పా దెబ్బ?" అన్నాడు. సంచీ చూపించాను. ఆయన లోపలికి తొంగి చూసి, రొంత దూరం జరిగాడు. నా వంతు వచ్చింది. వైద్యుడు అరవై ఏళ్ల బక్క మనిషి, ముంజేతుల దాకా ఆకుపసరు. ప్లేటు బల్ల మీద పెట్టగానే ఈడ్చి కొడతాడనుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలు అంచు మీద పెట్టి, నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. మూడు చోట్ల ఆగాడు. ఆ మూడూ సరిగ్గా వంపు మొదలైన చోట్లే. భూతద్దం పెట్టుకుని నేను చూడలేనిది ఆయన కళ్లు మూసుకుని చూశాడు. "ఏం పలుకుతాది ఇది?" అని అడిగాడు. నేను తాత సంగతి, ఆయన మేనమామ మాట సంగతి చెప్పాను. ఆయన, "చల్లగా ఉండేటప్పుడు లాగితే ఎముకైనా, ఇదైనా చిట్లిపోతాది" అని లోపలికి కేకేసి, వాకిట్లో ఎండలో ఉన్న రెండు కడప బండ పలకలు తెప్పించాడు. ఒక్కో పలకను తన చెంపకు ఆనించి వేడి చూసుకున్నాడు. ఒకటి ఎక్కువ కాలిందని కాసేపు నీడలో పెట్టించాడు. మధ్యలో తెల్ల గుడ్డలు పరిచి, ప్లేటు పెట్టి, పైన రెండో పలక వేసి, వెదురు బద్దలు నాలుగు వైపులా పేర్చి, పసరులో తడిపిన గుడ్డ పేలికలతో బిగించి కట్టేశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూండిపోయాను. ఆ చేతుల్లో తొందర లేదు, అనుమానం లేదు. నా ఏడ్పు కూడా ఎప్పుడో ఆగిపోయింది. "శనివారం తీసుకురా, నేనే విప్పుతా. అంతవరకూ కదిలించొద్దు. వంకాయ, గోంగూర, పులుపు తగలకూడదు" అన్నాడు. చివరిది ఆయన అలవాటు కొద్దీ అన్నాడో, నన్ను ఆటపట్టించడానికి అన్నాడో అడిగే ధైర్యం లేకపోయింది. దక్షిణ ఇవ్వబోతే, "ప్లేటుకేం తీసుకునేది, పోప్పా" అని తరవాతివాణ్ని పిలిచాడు.

ఆ వారం ఎలా గడిచిందో చెబితే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. పాల కేంద్రంలో మా పెద్ద సారుకు ఫోను చేసి, ఇంట్లో ఒకరికి పుత్తూరు కట్టు కట్టించాం, వారం రోజులు సెలవు కావాలన్నాను. "ఎవరికప్పా?" అన్నాడు. "పెద్దాయనకు సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ నా వాదన. కట్టు కట్టిన బండల్ని అక్క తన మంచం కింద పెట్టింది, ఇంట్లో ఎవరూ ఆ గదిలో గట్టిగా నడవకూడదంది. బుధవారం లాడ్జి మామ ఫోను చేసి "ప్లేటు బాగుండాదా?" అంటే, "విశ్రాంతిగా ఉండాది మామా" అన్నాను. ఇక పథ్యం సంగతి. ప్లేటు వంకాయ తినలేదు కదా, అది చేయాల్సిన పథ్యం ఎవరు చేయాలి? నేనే చేశాను. గోంగూర పచ్చడి కళ్ల ముందు పెట్టుకుని మజ్జిగన్నం తిన్నాను. అక్క నన్ను చూసి నవ్వలేదు సరికదా, గురువారం నుంచి తనూ మానేసింది.

శనివారం మళ్లీ బండలు మోసుకుని పుత్తూరు పోయాను. వైద్యుడు కట్టు విప్పి, ప్లేటును అద్దం బల్ల మీద పడుకోబెట్టి, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూశాడు. పళ్లెం మళ్లీ ప్లేటయింది. ఒక్కచోట మాత్రం అంచు గోరు మందాన లేచే ఉంది. ఆయన దాని మీద బొటనవేలు పెట్టి, "ముసలి ఎముక. ఇంతకంటే అతుక్కోదు. రొంత కుంటుతాది, కానీ నడుస్తాది" అన్నాడు. ఆయన కాళ్లకు దండం పెట్టాను. అయితే నడుస్తుందో లేదో చూడడానికి అక్క ఇంట్లో ప్లేయరు లేదు. నాది పలమనేరులో ఉంది, అక్కడికి పోయి తిరిగి వచ్చే వేళ లేదు. అంటే ఆ గొంతు బతికుందో లేదో నాకూ, తాతకూ ఒకేసారి తెలియాలి.

ఆదివారం గదిలో దిండ్లన్నీ ఉన్నాయి, జనం లేరు. తాత ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, అప్పటికే పేము కుర్చీలో ఉన్నాడు. ముందే నిజం చెప్పేద్దామని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఆయన రెండు చేతులూ చాపేసరికి ఒక్క మాట మిగల్లేదు. ప్లేటు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని దుమ్ము ఊదబోయి, ఎందుకో ఆగాడు. నా వైపు ఒకసారి చూశాడు. లాడ్జి మామకు అందించాడు. ముల్లు దిగింది. మొదటి స్వరం లేస్తూనే ఊగింది. నాదస్వరం ఎడ్లబండి ఎక్కినట్టు పైకి లేచి, కిందికి వాలి, మళ్లీ లేచింది. లాడ్జి మామ కళ్లు తెరిచి నన్ను మింగేలా చూశాడు. నియమం ఉంది కాబట్టి బతికిపోయాను, నోరు తెరిచే వీలుంటే ఆ పరుపుల కిందే నన్ను పాతేసేవాడు. తాత మాత్రం తొడ మీద తాళం వేస్తున్నాడు. ఊగినప్పుడు తాళాన్ని కూడా ఊపి సర్దుకుంటున్నాడు. నేను ముల్లునే చూస్తున్నాను. వంపు అంచునే కదా ఉంది? ముల్లు లోపలికి జరిగే కొద్దీ ఊపు తగ్గింది, పక్క సగానికి వచ్చేసరికి రాగం నేల మీద నిలబడింది. ఆఖరి స్వరం ఆగింది. నిశ్శబ్దం. కుర్చీ కిర్రుమంది. "ఇప్పుడు గదరా వాయించినావు."

ఉంది. గరగర కూడా పోలేదు. ఆ క్షణాన నాకు కలిగినదాన్ని సంతోషం అంటే చిన్నమాట అవుతుంది. గుళ్లో తెర తీసినప్పుడు చేతులు వాటంతటవే లేస్తాయే, అలా నా చేతులు లేచాయి. తాత ప్లేటు చేతికి తీసుకుని, "పుత్తూరులో ఎవురు కట్టినారు అబ్బయ్యా?" అన్నాడు.

"ఆ పసరు వాసన నాకు తెలీదా?" అని తాత ఎడమ చెయ్యి చాపి, మణికట్టు మీది బొడిపె చూపించాడు. "ఈ ప్లేటుకు వాయించేదానికి మూడు నెల్ల ముందర బండి మీద నుంచి పడి ఈ చెయ్యి ఇరిగిపాయ. పుల్ల పట్టే చెయ్యి. ఇంగ డోలు లేదు పోరా అన్యారు అందురూ. మా మామే నన్ను పుత్తూరుకు ఎత్తుకోని పోయి కట్టు కట్టించినాడు. కట్టు ఇప్పినాక మొట్టమొదట వాయించింది ఇదే. చెయ్యి ఆడతాదో లేదో నాకూ తెలీదు, మామకూ తెలీదు. కడాకు అందుకే అన్యాడు ఆ మాట." ప్లేటు అంచును వేలితో తడిమి, "ఆ పొద్దు డోలు మీద వంగి వాయిస్తా ఉంటే నా ముక్కుకు ఇదే వాసన. ఇన్నేండ్లూ ప్లేట్లో వాసన ఒక్కటే తక్కువగా ఉండె. నువ్వు దాన్నీ ఎక్కించినావు" అని నవ్వాడు. నేను ఆయన కాళ్ల దగ్గర పరుపు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తాత నా తల మీద చెయ్యి పెట్టి, "గమ్మునుండు, తిథి పూట ఏడుపేంది. పాండి, అన్నం తిందాం, ఆకలి అయితా ఉండాది" అన్నాడు. కంప్యూటర్లోకి ఎక్కిస్తానని మళ్లీ అంటే వద్దన్నాడు. ఎప్పుడంటే అప్పుడు వింటే మామ మాట చులకనైపోతుందట.

ఇప్పుడు నాకు తల నెరుస్తోంది, చెవులు మునుపటిలా లేవు. ఆ తర్వాత ఎన్నో అచ్చులు విన్నాను, విదేశాల్లో అచ్చయినవి కూడా. కుర్రాళ్లు భూతద్దాలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, ఇది మొదటి విడత, ఇది రెండోది అని ఉపన్యాసాలిస్తుంటే, గట్టిగా వాదించే వాడి మొహంలో నన్ను నేను చూసుకుని ముచ్చటపడతాను. ఏ అచ్చు గొప్పదో తేల్చమని అడిగితే, నేను విన్నవాటిలో పుత్తూరులో అచ్చు పడినదానికి ఏదీ సాటి రాలేదంటాను. వాళ్లు అర్థం కాక అంకెలు వెతుక్కుంటారు. తాత ఎనభై దాటి కూడా ఏటా ఆ తిథికి ఆ ప్లేటు వింటూనే ఉన్నాడు. మొదట్లో వచ్చే ఊపుకు తాళం సర్దుకోవడం ఇప్పుడు మా ముగ్గురికీ అలవాటే. నేనిప్పుడు ప్లేట్లను ఎండలో పెట్టను, ఫ్యాను కింద నీడలోనే ఆరబెడతాను. కానీ ఎప్పుడు ప్లేటు కడిగినా ఆ వారమంతా మా ఇంట్లో వంకాయ వండరు. ఎందుకని మా ఆవిడ మొదట్లో అడిగేది, చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు నేను కుంకుడుకాయలు నానబెట్టడం చూడగానే బుట్టలోని వంకాయలు తనే పక్కింటికి ఇచ్చేస్తుంది.